గంగమ్మ చేతి పుదీనా చాక్లెట్

మా ఎదురింటి గంగమ్మకు యాభై నాలుగేళ్ళు. అందులో నలభై అయిదేళ్ళు బీడీలే చుట్టింది, ఇప్పటికీ చుడుతూనే ఉంది. అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం నా కుట్టు మిషన్ పక్కకు వచ్చి కూర్చుని, "లాలీ, నీ ఫోన్ల చాక్లెట్ ఎట్ల చేస్తరో సూడే" అంటే నేను పగలబడి నవ్వాను. ఆ నవ్వును ఇప్పటికీ దెప్పిపొడుస్తుంది. నవ్వక ఏం చేయను? ఆమె నోట్లో అంతవరకు ఒక్క చాక్లెట్ ముక్క పడటం నేను చూడలేదు.

నేను బట్టలు కుడతాను. బాన్సువాడలో మా వాడంతా బీడీలు చుట్టే ఇళ్ళే. మా అమ్మ చుట్టింది, మా అత్త చుట్టింది. కుట్టుపని వచ్చు కాబట్టి నేను ఒక్కదాన్నే బీడీల చాట పట్టకుండా తప్పించుకున్నాను. అయినా పుట్టినప్పటి నుంచి ఈ గాలే పీల్చాను. బీడీల్లో పోసే తంబాకుకు వాసన ఉంటుందని కొత్తవాళ్ళు అంటే నాకు తెలిసింది గాని, నా ముక్కుకు ఎప్పుడూ తెలియలేదు.

గంగమ్మ పని చూడాలి. పొద్దున్నే వాకిలి ఊడ్చి, చాయ్ తాగి, చాట ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంటుంది. తునికాకును కత్తెరతో కత్తిరిస్తుంది, చిటికెడు తంబాకు పోస్తుంది, చుడుతుంది, గోటితో మూతి మడుస్తుంది, దారం కడుతుంది. వీటిలో ఒక్కదానికి కూడా కిందికి చూడదు. కళ్ళు వీధిలో ఉంటాయి, నోరు నాతో మాట్లాడుతుంది, వేళ్ళ దారి వేళ్ళది. రోజుకు వెయ్యి బీడీలు. భర్త మార్కండేయులు పోయేనాటికి కొడుకు సాయికిరణ్ తొమ్మిదో తరగతి. "నా పిల్లగాన్ని సదివిచ్చింది గీ చాటనే" అని గొప్పగా చెప్పుకుంటుంది. చెప్పుకోవాల్సిన మాటే. ఆ పిల్లవాడు ఇప్పుడు నిజామాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు.

సాయికిరణ్ ప్రేమించి పెళ్ళి చేసుకున్నాడు. కోడలు సింధుజది పెద్ద కొడప్‌గల్ ఊరు. వరి, చెరకు పండించే ఇల్లు, పొలాల మధ్య పెరిగిన పిల్ల. పెళ్ళయ్యాక మూడేళ్ళు ఈ ఇంట్లోనే ఉంది, తర్వాత నిజామాబాద్‌లో కిరాయి ఇంటికి మారారు. వాళ్ళ కూతురు సహజకు ఇప్పుడు ఏడేళ్ళు. గంగమ్మ ప్రాణం ఎక్కడుందో ఎవరైనా అడిగితే నేను ఆ పిల్లను చూపిస్తాను.

మొన్న ఎండాకాలం సెలవులకు ఆ పిల్ల వచ్చింది. గంగమ్మ మామిడికాయ పప్పు చేసి, నెయ్యి వేసి, కలిపి ముద్ద నోటి దగ్గర పెట్టింది. పిల్ల మొహం పక్కకు తిప్పుకుంది.

"అవ్వా, నీ చెయ్యి బీడీ వాసనొస్తుంది."

గంగమ్మ నవ్వేసి లేచి సబ్బుతో కడుక్కుని వచ్చింది. పిల్ల నోరు తెరవలేదు. నిమ్మకాయ తొక్కతో రుద్దుకుని వచ్చింది. పిల్ల రెండు పెదవులూ బిగించుకుని కూర్చుంది. చివరకు సింధుజ వచ్చి పళ్ళెం తీసుకుని తాను పెడితే మారు మాట్లాడకుండా తినేసింది. ఆ పది రోజులూ అంతే. అవ్వ ఒళ్ళో కూర్చుంటుంది, అవ్వతో కబుర్లు చెబుతుంది, అవ్వ చేతి ముద్ద మాత్రం తినదు. ఎవరు ఎన్ని చెప్పినా పట్టిన పట్టు విడవలేదు.

వాళ్ళు బస్సెక్కి వెళ్ళిన రోజే గంగమ్మ నా దగ్గర బయటపడింది.

"ఏడేండ్ల పిల్లకు గసొంటి మాట యాడికెల్లి వస్తదే? ఇంట్ల అనుకుంటేనే గద వచ్చేది. మోతెబరోళ్ళ బిడ్డ. మన బీడీలోళ్ళంటే ఆమెకు యాష్ట. గదే పిల్లకు నేర్పింది."

నేను తల ఊపాను. తల ఊపి ఊరుకోలేదు, "సిటీలకు పోయినంక కళ్ళు నెత్తికెక్కుతయక్కా" అని ఒక మాట కలిపాను కూడా. అప్పుడు ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో తల్చుకుంటే ఇప్పుడు నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఆ తర్వాత ఒకరోజు సహజ వీడియో కాల్‌లో తన బడి ముచ్చట్లు చెప్పింది. క్లాసులో ఎవరిదో పుట్టినరోజట. వాళ్ళమ్మ ఇంట్లోనే చాక్లెట్లు చేసి పంపిందట. "పైన చాక్లెట్ అవ్వా, లోపల తెల్లగ, పుదీనా! నోరంత సల్లగైంది!" అని పిల్ల ఫోన్‌లోనే చప్పరించి చూపించింది. ఆ మర్నాడే గంగమ్మ నా మిషన్ పక్కన వచ్చి కూర్చున్నది. దసరా సెలవులకు పిల్ల వస్తుంది. పుదీనా ఘాటు ముందు ఏ వాసనైనా ఎంత, చాక్లెట్ అంటే ఏ పిల్లయినా నోరు తెరవక ఏం చేస్తుంది అన్నది ఆమె లెక్క.

"ఒక్కటంటే ఒక్కటి నా చేతిది తినాలె లాలీ. గంతే. ఇగ నాకేం వద్దు."

నవ్వడం ఆపేశాను. ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతు అలా ఉంది మరి.

గంగమ్మ మామూలు మనిషి కాదు. దసరాకు ఎనిమిది రోజుల ముందే చాట పక్కన పెట్టేసింది. కొడుకు పుట్టినప్పుడు, భర్త పోయినప్పుడు తప్ప ఆమె చాట అన్ని రోజులు ఖాళీగా ఉన్నది లేదు. బీడీలు ఎందుకు రావడం లేదని కార్ఖానా వాళ్ళు అడిగితే, "జరమొచ్చిందని చెప్పుండ్రి" అని కబురు పంపింది. ఇక చేతుల మీద పడింది. పొద్దున చింతపండు, మధ్యాహ్నం నిమ్మచెక్క, సాయంత్రం బూడిద. అవన్నీ అయ్యాక ఇంత పుదీనా నలిపి మోచేతుల దాకా రుద్దుకునేది. గంటకోసారి నా దగ్గరికి వచ్చి రెండు అరచేతులూ నా ముక్కు కింద పెట్టేది.

"వస్తుందా?"

"ఏం రావట్లేదక్కా."

నేను నిజమే చెప్పాననుకున్నాను. ఆ ముక్కును నమ్ముకుని చెప్పాను మరి.

చేయడం మా ఇంట్లోనే. ఆమె పొయ్యి పక్కనే తంబాకు డబ్బా ఉంటుంది కాబట్టి అక్కడ వద్దని నేనే అన్నాను. బేకరీ సామాన్లు అమ్మే కొట్లో చాక్లెట్ దిమ్మ కొన్నాం. మొదటిసారి గంగమ్మ తాజా పుదీనా కట్ట తెచ్చి, పచ్చడికి నూరినట్టు నీళ్ళు చల్లి నూరి, కరిగిన చాక్లెట్‌లో వేసింది. క్షణంలో అదంతా బిగుసుకుపోయి మట్టిగడ్డలయింది. చాక్లెట్‌లో నీటిచుక్క పడకూడదని ఫోన్‌లో పెట్టుకున్న వంట వీడియోలో అమ్మాయి మొత్తుకుంటూనే ఉంది, మేమే వినలేదు. తప్పు నీదంటే నీదని అరగంట పోట్లాడుకున్నాం. ఆమె అలిగి ఇంటికి వెళ్ళిపోయింది. చాయ్ తాగే వేళకు మళ్ళీ వచ్చింది.

రెండోసారి బుద్ధిగా చేశాం. చక్కెర మెత్తగా పొడి చేసి, వెన్న వేసి, పాన్ డబ్బాలో వాడే పిప్పరమెంటు పువ్వు రవ్వంత కలిపి, ఎండబెట్టిన పుదీనాకు పొడి చల్లి ముద్ద చేశాం. దాన్ని పలచగా ఒత్తి ఇచ్చాను. ఇక అక్కడి నుంచి గంగమ్మ పని. తునికాకు కత్తిరించిన చెయ్యి అది. కొత్త కత్తెర పట్టుకుని ఒకే కొలతకు ముక్కలు తెగ్గోసింది. ఒక ముక్క మీద ఇంకో ముక్క పెడితే అంచు కూడా బయటికి రాలేదు. వాటిని చాక్లెట్‌లో ముంచి తీసి ఆరబెట్టాం. వెండి కాగితం చుట్టేటప్పుడు మళ్ళీ చూడాలి ఆ వేళ్ళను. ఒక్క తిప్పు తిప్పి, రెండు చివర్లూ గోటితో మడిచి పక్కన పడేసేది. కళ్ళు మాత్రం వీధిలోనే. అరవై చాక్లెట్లయ్యాయి. తిని చూశాను. నిజంగా బాగున్నాయి. నోరంతా చల్లబడింది.

ఇవి మర్నాటిదాకా చల్లగా ఉండాలి. డబ్బాలో సర్ది మా ఫ్రిజ్ తలుపు తెరిచాను. మా ఆయన సాయన్న ఆ పొద్దున్నే నిజాంసాగర్ చేపలు తెచ్చి పెట్టాడు. గంగమ్మ నా చేతిలోంచి డబ్బా లాక్కుంది.

"చేపల పక్కన వెడ్తావే? వాసన వట్టదా? ఇన్ని తిప్పలు పడ్డది గిందుకేనా?"

"మరెక్కడ పెడతవక్కా? నీకు ఫ్రిజ్ లేకపాయె. ఎండకు కరిగిపోతయ్."

"నాకెరుక" అని డబ్బా కొంగు కింద దాచుకుని వెళ్ళిపోయింది.

ఆమె ఇంట్లో చల్లగా ఉండే చోటు ఒకటి ఉంది, అది ప్రతి బీడీ ఇంట్లోనూ ఉంటుంది. తునికాకు ఎండిపోకుండా కట్టలను తడి గోనెలో చుట్టి పెట్టే మూల. ఎండాకాలంలో కూడా అక్కడ చెయ్యి పెడితే జివ్వుమంటుంది. పక్కనే తంబాకు డబ్బా. గంగమ్మ తన చాక్లెట్లను ఆ తడి గోనె కింద, ఆకుకట్టల మధ్యన, ఒక పగలు ఒక రాత్రి భద్రంగా దాచింది. చేప వాసన పట్టకూడదని.

మర్నాడు పొద్దున డబ్బా తీసుకొచ్చి నాకొకటి పెట్టి, తానొకటి నోట్లో వేసుకుంది.

"ఎట్లున్నది?"

"నిన్నటికంటె మంచిగైనయక్కా."

ఒట్టు. నాకు ఏ తేడా తెలియలేదు. ఆమెకు అంతకంటే తెలియలేదు.

ఆ మధ్యాహ్నం సాయికిరణ్ వాళ్ళు వచ్చారు. ఆ రోజే సద్దుల బతుకమ్మ. గంగమ్మ ఇంట్లో పిల్లకు ఏమీ పెట్టలేదు. అందరిలో, బతుకమ్మ ఆట అయ్యాక, అందరూ చూస్తుండగా పెట్టాలని ఆమె ముచ్చట. సాయంత్రం ఆడి పాడి, బతుకమ్మలను నీళ్ళలో వదిలాం. ఎవరి డబ్బా వాళ్ళు తెరిచి సత్తు ప్రసాదం పంచుకుంటుంటే గంగమ్మ తన డబ్బా తెరిచింది. వెండి కాగితాలు తళుక్కుమన్నాయి. ఆడవాళ్ళంతా మూగారు. "ఓయమ్మ, గంగక్క చాక్లెట్లు చేసింది సూడుండ్రి!" అని తలా ఒకటి నోట్లో వేసుకుని, "దుకాణంల గూడ దొరకయ్" అన్నారు. బీడీ వాడ ఆడవాళ్ళు, ఒక్కరికీ ఏమీ తెలియలేదు.

గంగమ్మ ఒకదాని కాగితం విప్పి సహజ నోటి దగ్గర పెట్టింది. పిల్ల చాక్లెట్‌ను చూసింది, అవ్వను చూసింది, నోరు తెరిచింది.

గంగమ్మ మొహం చూడాలి అప్పుడు! కొడుకు పరీక్ష పాసైన రోజున కూడా నేను అలా చూడలేదు.

పిల్ల రెండుసార్లు నమిలి ఆగిపోయింది. మింగలేదు. ఒక బుగ్గ ఉబ్బింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, అయినా నోరు మూసుకుని తల మాత్రం ఊపుతోంది, బాగుంది అన్నట్టు. చుట్టూ ఎవరూ గమనించలేదు. గంగమ్మ గమనించింది. కాసేపు ఆ ఉబ్బిన బుగ్గనే చూసి, దోసిలి పిల్ల గడ్డం కింద పట్టింది.

"ఉమ్మెయ్ బిడ్డా."

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"ఏమనను. ఉమ్మెయ్ తల్లీ."

పిల్ల ఆ దోసిట్లో ఉమ్మేసి, వెక్కివెక్కి ఏడ్చింది. "దీంట్ల బీడీ ఉన్నదవ్వా" అంది.

కొందరు నవ్వారు. కొందరు కాగితం వాసన చూసి, ఏమీ లేదే అన్నారు. గంగమ్మ దోసిలి కడుక్కుని, డబ్బా మూత పెట్టి ఇంటి దారి పట్టింది. ఇవాళ కోడలికి మూడిందనుకున్నాను. ఎందుకైనా మంచిదని వెనకాలే వెళ్ళాను.

ఇంటికి రాగానే డబ్బా నేల మీద పెట్టి, గోనె మూల దగ్గర చతికిలబడింది. ఆ మూలను, డబ్బాను మార్చి మార్చి చూసింది. కోపంగా లేదు. దెబ్బ తిన్న మనిషిలా ఉంది.

"సింధూ, గిట్ల రా. నిజం జెప్పు. గీ ఇంట్ల వాసనొస్తదా?"

సింధుజ తలుపు దగ్గరే నిలబడిపోయింది. "అమ్మా, గిప్పుడెందుకే గవన్ని" అని సాయికిరణ్ అడ్డం రాబోయాడు.

"నువ్వు ఊకో. నీ ముక్కు నా ముక్కు ఒక్కటే. ఆమెను చెప్పనియ్."

"వస్తది అత్తమ్మా" అంది సింధుజ మెల్లగా.

"ఎప్పటిసంది?"

"పెండ్లై గీ ఇంట్ల అడుగువెట్టిన్నాటి సంది."

"అన్నంల గూడనా?"

"అన్నంల, నీళ్ళల్ల, దుప్పట్లల్ల. అన్నిట్ల వస్తది."

"మూడేండ్లు నా చేతి వంటనే తింటివి గదనే" అంది గంగమ్మ.

"తిన్న."

"సహజ కడుపుల ఉన్నప్పుడు నీకు తినబుద్ధి అయితలేదని, కలిపి ముద్దలు వెడ్తుంటి. కక్కుకుంటుంటివి. నేను వేవిళ్ళనుకుంటి."

"బయటికి వోయి కక్కి, నోరు కడుక్కొని, వచ్చి మల్ల తింటుంటి. చాట నిండ ఆకు ఉన్నా పక్కకు వెట్టి, నాకోసం లేచి వచ్చి పెడ్తుంటిరి అత్తమ్మా. ఎట్ల వద్దనాలె?" అంది సింధుజ. "పిల్లకు నేనేం నేర్పలే. మొన్న ఎండకాలంల గట్ల అన్నదని, ఈసారి బస్సుల చెప్పిన. అవ్వ ఏం పెట్టినా మంచిగున్నదని మింగు అని. గంతే."

నా తల కొట్టేసినట్టయింది. ఎండాకాలం నుంచి సింధుజ గురించి ఈ గుమ్మంలో కూర్చుని మేమిద్దరం ఎన్ని మాటలనుకున్నామో! ఆ మాటల్లో నావి కూడా ఉన్నాయి. నేను ఆమెను క్షమించమని అడగలేదు, మా వాడలో అలా అడగడం ఎవరికీ రాదు. గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి చేతికిచ్చాను. తాగింది. ఆ నీళ్ళలో కూడా వాసన వచ్చే ఉంటుంది.

మర్నాడు దసరా. పొద్దున్నే చేపలన్నీ పక్కింటికి పంపేసి, ఫ్రిజ్‌ను సోడాతో కడిగాను. ఈసారి మా వంటింట్లో సహజ గిన్నె తిప్పింది, సింధుజ ముద్ద ఒత్తింది. గంగమ్మ తలంటుకుని, ఉతికిన నా చీర కట్టుకుని గడప అవతల కూర్చుని, "నీళ్ళు తగలొద్దు! ఒక్క సుక్క గూడ వడొద్దు!" అని కేకలు వేసింది. లోపలికి రమ్మంటే రాలేదు. దేన్నీ ముట్టుకోలేదు.

చాక్లెట్లు గట్టిపడ్డాయి. సహజ పళ్ళెంలోంచి తనకు తానే ఒకటి తీసుకుని తింది, ఇంకొకటి తింది, మూడోది పట్టుకుని బయటికి పరుగెత్తింది. అవ్వ చేతితో పెడతానంటే మాత్రం ఆ దసరాకు కూడా నోరు తెరవలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా.

సింధుజ పళ్ళెం తెచ్చి గడప దగ్గర, అత్త ముందు కూర్చుంది. "నాకు పెట్టుండ్రి అత్తమ్మా" అంది.

గంగమ్మ తన వేళ్ళ వైపు చూసుకుంది. కాసేపు చేతులు కొంగులో దాచుకుంది. తర్వాత ఒక ముక్క తీసి, కోడలి నోట్లో పెట్టింది.

"ఇగ దాచుడు లేదు. నిజం జెప్పాలె. వస్తుందా?"

సింధుజ నెమ్మదిగా నమిలింది, మింగింది. అత్త కళ్ళలోకి సూటిగా చూసింది.

"కొంచెం వస్తుంది అత్తమ్మా."

"కొంచెమేనా?"

"కొంచెమే."

గంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు ఎప్పుడు ఏడుపయిందో పక్కనే ఉన్న నాకు కూడా తెలియలేదు. సింధుజ అక్కడి నుంచి కదలకుండా, మళ్ళీ నోరు తెరిచింది.